విశాఖలో చంటిబిడ్డతో బయటికి: ఏ బ్యాగు తీసుకోవాలి, ఎలా సర్దాలి

చంటిబిడ్డ కోసం బ్యాగు కొనడానికి వెళ్తే దుకాణంలో అందరూ ముందు అరలు లెక్కపెడతారు. సీసాకి ఒకటి, డైపర్లకి ఒకటి, ఫోనుకి ఒకటి. అరలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి బ్యాగనుకుంటారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది అది కాదు. మీరు ఎక్కువగా దేనిమీద తిరుగుతారు, బిడ్డని ఎవరు ఎత్తుకుంటారు, బ్యాగు ఎవరు మోస్తారు? ఈ మూడూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం ఎన్ని గంటలు బయట ఉంటారన్నదాన్ని బట్టి ఉంటుంది.

చదివే తీరిక లేనివాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బస్సులు, ఆటోలు, బండి మీద తిరిగే ఇంటికి రెండు భుజాలకీ తగిలించుకునే బ్యాక్‌ప్యాకే సరైనది. ఇంట్లో గట్టి కాలేజీ బ్యాగో ల్యాప్‌టాప్ బ్యాగో ఉంటే కొత్తది కొనక్కర్లేదు, అందులో పెట్టుకోవడానికి మూడు జిప్పు పౌచ్‌లు కొనుక్కుంటే చాలు. మిగిలిన డబ్బుతో మంచి స్టీలు ఫ్లాస్కు తీసుకోండి. ఒక భుజానికి వేలాడే పెద్ద బ్యాగు కారున్నవాళ్లకి బాగుంటుంది, మిగతావాళ్లకి నేను చెప్పను. సాయంత్రం పూట గంటా రెండు గంటలు బీచ్‌కి వెళ్లొచ్చేదానికి ఇవేవీ అక్కర్లేదు, చిన్న స్లింగ్ బ్యాగు చాలు.

ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

ఈ ఊరి గాలి, ఈ ఊరి దారి

హైదరాబాద్‌లో ఉన్న అక్క బాగుందన్న బ్యాగు ఇక్కడ బాగుండాలని లేదు. మనకి ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. మే నెలలో బ్యాగు వీపుకి ఆనుకుంటే పది నిమిషాల్లో బట్టలు తడిసిపోతాయి. అందుకే వీపు తగిలే వైపు మెత్తటి నెట్టు గుడ్డ ఉందా లేదా అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఇనుప జిప్పులు, హుక్కులు త్వరగా తుప్పు పడతాయి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, చినవాల్తేరు వైపు ఉండేవాళ్లకి కిటికీ ఊచల్ని చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. ఇనుప పళ్ల జిప్పు కంటే నైలాన్ జిప్పు మేలు. ఇసుక ఇరుక్కున్నా దులిపితే పోతుంది.

వానల సంగతి కూడా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక విడత, అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలతో ఇంకో విడత. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. వీపుకీ బ్యాగుకీ మధ్య నుంచి నీళ్లు దిగుతాయి. బిడ్డ బట్టల్ని ఒక గట్టి జిప్పు కవరులో పెట్టి బ్యాగులో పెడితే, బ్యాగు తడిసినా బట్టలు పొడిగా ఉంటాయి.

గుడ్డ విషయానికొస్తే పాలియెస్టర్ తీసుకోండి. కాన్వాస్ చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ ఇక్కడి తేమలో ఉతికితే ఒకరోజులో ఆరదు, సరిగ్గా ఆరకపోతే ముక్కవాసన పడుతుంది. రెక్సిన్ అయితే అసలే వద్దు. కొన్నాళ్లకి పొరలు లేచి, ఆ పెచ్చులు బిడ్డ బట్టలకి అంటుకుంటాయి. బారసాలకి బహుమతిగా వచ్చే కార్టూన్ బొమ్మల బ్యాగుల్లో చాలావరకు రెక్సిన్‌వే. ఇచ్చినవాళ్ల ప్రేమని కాదనలేం కదా, ఇంట్లో ఊయల దగ్గర పొత్తిగుడ్డలు పెట్టుకోవడానికి వాడుకోండి. బయటికి మాత్రం వద్దు.

బ్యాగుల్లో రకాలు, నా తూకం

డైపర్ బ్యాక్‌ప్యాక్ అని ప్రత్యేకంగా కుట్టి అమ్ముతున్నారు. దీని నోరు పాతకాలం డాక్టరు బ్యాగులా వెడల్పుగా తెరుచుకుంటుంది, పైన చట్రం ఉంటుంది కాబట్టి తెరిచాక మూసుకుపోదు. అడుగున ఏముందో ఒక్క చూపులో కనిపిస్తుంది. ఒక చంకలో బిడ్డ ఉన్నప్పుడు ఇది నిజంగా పెద్ద సుఖం. కొన్నిటికి వీపు వైపు అడుగున ఇంకో జిప్పు ఉంటుంది, మొత్తం తెరవకుండా అక్కణ్ణుంచి డైపర్ లాక్కోవచ్చు. ఈ రెండూ ఉంటే డబ్బు పెట్టొచ్చు.

దీని లోపాలు కూడా వినండి. ఒకటి, బరువు. ఖాళీ బ్యాగే కిలో దగ్గర తూగేవి ఉన్నాయి. లీటరు నీళ్లు పోస్తే ఇంకో కిలో. బిడ్డ బరువు ఎలాగూ ఉంటుంది. రెండు, పాలసీసా కోసం లోపల వెండిరంగు పొరతో వచ్చే జేబు. అది చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. అది లోపల ఉన్న చల్లదనాన్నో వేడినో కాసేపు నిలబెడుతుందంతే. ఐస్ ప్యాక్ పెట్టకపోతే ఆ జేబు మామూలు జేబే. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పదిహేను, ఇరవై అరలుంటే ఏది ఎక్కడుందో సర్దినవాళ్లకే తెలుస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నాన్నో నానమ్మో ఒక్కో జిప్పూ తీసి వెతుక్కోవాలి, చివరికి బ్యాగు తల్లి చేతికే వస్తుంది. బ్యాగు ఇంట్లో అందరిదీ కావాలి.

మామూలు బ్యాక్‌ప్యాక్‌కి ఆ ఇబ్బంది ఉండదు. 20 లీటర్ల పరిమాణం సరిపోతుంది. లోతుగా ఉంటుంది కాబట్టి విడివిడిగా పడేస్తే అన్నీ అడుక్కి చేరతాయి, అది నిజమే. అందుకే పౌచ్‌లు. మూడూ మూడు రంగుల్లో ఉండాలి. నీలం పౌచ్‌లో డైపర్ సామాను, ఎర్రదానిలో బట్టలు, పచ్చదానిలో తిండి అనుకోండి. ‘ఏమండీ, ఆ నీలం పౌచ్ ఇలా ఇవ్వండి’ అంటే చాలు, ఎవరైనా ఇవ్వగలరు. బాత్రూములోకి బ్యాగంతా మోసుకెళ్లక్కర్లేదు, ఆ పౌచ్ ఒక్కటీ తీసుకెళ్తే సరిపోతుంది. రంగురంగుల బొమ్మలుండవు కాబట్టి తగిలించుకోవడానికి మగవాళ్లకి కూడా మొహమాటం ఉండదు. బిడ్డ పెద్దయ్యాక బ్యాగు మళ్లీ ఆఫీసుకి పనికొస్తుంది.

ఒక భుజానికి తగిలించుకునే బ్యాగు, టోట్ బ్యాగు లాంటివి పట్టుకుంటే హుందాగా ఉంటాయి, ఒళ్లో పెట్టుకుని వెంటనే తెరవొచ్చు. కానీ బిడ్డని ఎత్తుకోవడానికి వంగితే చాలు, పట్టీ భుజం మీంచి జారి బ్యాగు ముందుకొస్తుంది, ఒక్కోసారి బిడ్డ తలకే తగులుతుంది. బరువంతా ఒకవైపే పడుతుంది. ఆపరేషన్ అయి కొద్దివారాలే అయిన తల్లి అయితే అసలు బ్యాగే మోయకూడదు, అప్పుడు బిడ్డని మించిన బరువు ఎత్తొద్దని డాక్టర్లే చెప్తారు. కారులో వెనక సీట్లో పక్కన పెట్టుకుని, దిగగానే లిఫ్టెక్కేవాళ్లకి మాత్రం ఇదే అనుకూలం.

గుడ్డ సంచీ, వైరు బుట్ట మన అమ్మమ్మల పద్ధతి. వాటిని తీసిపారేయను. పుట్టింటికో, పక్క వీధిలో పిన్నిగారింటికో వెళ్లేటప్పుడు అవే హాయి. అక్కడ అన్నీ ఉంటాయి, వాడిన గుడ్డలు సంచీలో పడేసి తెచ్చి సంచీతో సహా ఉతుక్కోవచ్చు. బస్సులో మాత్రం జిప్పు లేని సంచీ సీటు కింద దొర్లితే సామానంతా బయటే.

బిడ్డని కూర్చోబెట్టి తోసే బండి (స్ట్రోలర్) ఉన్నవాళ్లకి ఒక మాట. బీచ్ రోడ్డు, పార్కులు, మాల్స్ తప్ప మన పేవ్‌మెంట్ల మీద అది సాగదు. తీసుకెళ్లినప్పుడు బ్యాగుని దాని హ్యాండిల్‌కి తగిలించొద్దు. బిడ్డని ఎత్తగానే బరువు వెనక్కి పడి బండి వెల్లకిలా పడుతుంది. కింద బుట్ట ఉంటే అందులో పెట్టండి.

బండి, ఆటో, బస్సు

బండి మీద బిడ్డని తీసుకెళ్లడం మన ఊళ్లో మామూలే. నాలుగేళ్ల లోపు పిల్లలకి నడిపేవారితో కలిపి కట్టే సేఫ్టీ హార్నెస్ ఉండాలని, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలని, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. బ్యాగు ఎంపికకి దీనితో సంబంధం ఉంది. హార్నెస్ కట్టుకున్నవారి వీపు ఖాళీగా ఉండాలి, కాబట్టి బ్యాక్‌ప్యాక్ వెనక కూర్చున్నవారి వీపు మీద ఉండాలి. ముందు హుక్కుకి పెద్ద బ్యాగు తగిలిస్తే మలుపులో హ్యాండిల్‌కి అడ్డం పడుతుంది. సీటు కింద డిక్కీలో డైపర్లు, బట్టలు పెట్టుకోవచ్చు గానీ పాలు, తిండి వద్దు. ఇంజను వేడికి లోపల పొయ్యి దగ్గరున్నట్టే ఉంటుంది. వేలాడే పట్టీలు, చున్నీ కొంగులు చక్రంలో పడకుండా లోపలికి దోపుకోండి.

షేర్ ఆటోలో బ్యాక్‌ప్యాక్‌ని ముందుకి తిప్పుకుని ఒళ్లో పెట్టుకోవాలి. వీపున ఉంచుకుంటే సీటు అంచున కూర్చోవాల్సి వస్తుంది, బ్రేకు వేస్తే ప్రమాదం.

సిటీ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి టికెట్టు డబ్బులు లేవు. కండక్టరుకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో రాడ్డుని పట్టుకుని ఉన్నప్పుడు కార్డు బ్యాగు అడుగున ఉంటే ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే కార్డు, ఫోను, చిల్లర, ఇంటి తాళం పెద్ద బ్యాగులో పెట్టొద్దు. మెడలో అడ్డంగా వేసుకునే చిన్న స్లింగ్ పౌచ్‌లో పెట్టుకోండి. పెద్ద బ్యాగు ఎవరికిచ్చినా ఆ పౌచ్ మీ దగ్గరే ఉంటుంది.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష

జగదాంబ సెంటర్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా బ్యాగు చేతికొచ్చాక ఇలా చూడండి. ఎడమ చేతిని బిడ్డని ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించి ఉంచి, కుడిచేత్తో మాత్రమే జిప్పు తీయండి, మళ్లీ మూయండి. మూల మలుపు దగ్గర జిప్పు ఆగిపోతే, లేదా రెండో చెయ్యి సాయానికి వెళ్తే ఆ బ్యాగు వద్దు. మీకు ఎడమచేతి వాటమైతే తిప్పి చూడండి. తర్వాత లీటరు నీళ్ల సీసా ఒకటి పక్క జేబులో పెట్టి నేల మీద నిలబెట్టండి. పక్కకి ఒరిగిపోతే బాత్రూముల్లో, ఆసుపత్రి బెంచీల దగ్గర మీకు రోజూ ఇబ్బందే. లోపలి అస్తరు లేతరంగులో ఉండాలి. నల్లటి అస్తరులో పాలపీక, మేజోడు, మందు సీసా కనిపించవు. పట్టీ కుట్టు దగ్గర గట్టిగా లాగి చూడండి, బ్యాగులు ముందుగా తెగేది అక్కడే.

సర్దడం: గంటలు లెక్కపెట్టండి

బయటికి వెళ్లేటప్పుడు మనసులో వచ్చే భయాలన్నిటికీ ఒక్కో వస్తువు పెట్టుకుంటూ పోతే పెట్టె చాలదు. గంటలు లెక్కపెట్టి సర్దండి. రెండు మూడు గంటలకి ఒక డైపర్ చొప్పున లెక్కేసి, పైన ఇంకో రెండు వేసుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకి ఇంకొకటి కలపండి. గుడ్డ లంగోటీలు వాడేవాళ్లకి ఈ లెక్క చాలదు, రెట్టింపు పెట్టుకోవాలి, తడి గుడ్డలకి నీళ్లు కారని సంచీ కూడా కావాలి. నా సలహా అయితే ఇంట్లో గుడ్డ, బయట డైపర్. పెద్దవాళ్లు ఒప్పుకోరని టెన్షన్ పడొద్దు. గుడిలోనో బస్సులోనో ఒకసారి తడిసి చూస్తే వాళ్లే ఒప్పుకుంటారు.

డైపర్ పౌచ్‌లో ఇవి ఉండాలి: డైపర్లు, కింద పరిచే చిన్న రబ్బరు షీటు, దాని మీదకి ఒక మెత్తటి నూలు గుడ్డ, వైప్స్, డాక్టరు చెప్పిన క్రీము ఏదైనా ఉంటే అది, మూడు నాలుగు ఖాళీ కవర్లు. వైప్స్ ప్యాకెట్ మూత సరిగ్గా అంటుకోకపోతే మన ఎండకి ఎండి కాగితాలైపోతాయి, కాబట్టి జిప్పు కవరులో పెట్టండి. చిన్న సీసాలో నీళ్లు, పాత నూలు చీర ముక్కలు నాలుగు పెట్టుకున్నా అంతే శుభ్రంగా అవుతుంది, బిడ్డ చర్మానికి మంచిది కూడా. వాడిన డైపర్ చుట్టి, కవరులో మూటకట్టి ఇంటికి తెచ్చుకోండి, లేదా చెత్తడబ్బా కనిపించేదాకా మోయండి. బీచ్‌లో ఇసుకలో కప్పెట్టి రావడం దయచేసి వద్దు. అలలకి అది మళ్లీ పైకొస్తుంది, ఇంకో బిడ్డ అక్కడ ఆడుకుంటుంది.

బట్టల పౌచ్‌లో బిడ్డకి రెండు జతలు, ఒక టోపీ, ఒక పల్చటి దుప్పటి. తల్లికి కూడా ఒక పైబట్ట పెట్టుకోవాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. బిడ్డ పాలు కక్కితే తడిసేది మీ భుజమే కదా. ఆరు నెలల లోపు బిడ్డకి సన్‌స్క్రీన్ రాయకూడదు, నీడే సన్‌స్క్రీన్. పొడుగుచేతుల పల్చటి నూలు చొక్కా వేయండి. ఎండ తగులుతోందని ముఖం మీద మందంగా చున్నీ కప్పితే లోపల ఊపిరాడక ఉక్కిపోతుంది, అది ఎండకంటే ప్రమాదం.

తిండి, పాలు

బ్యాగు బరువుని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఇదే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే పట్టే బిడ్డకి తిండి పౌచ్ అవసరమే లేదు. వేసవిలో కూడా నీళ్లు పట్టక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే. ‘గుంట గొంతెండిపోతాది, రెండు చుక్కలు పోయమ్మా’ అని బామ్మలు ప్రేమతోనే అంటారు. ‘పాలే పడతానత్తా’ అని చెప్పి పక్కకెళ్లి పట్టేయండి. నీళ్లు కావాల్సింది మీకు. ముందు విప్పుకునే వీలున్న జాకెట్టో కుర్తీయో, మీద వేసుకోవడానికి చున్నీ, మీకోసం లీటరు నీళ్లు ఉంటే సరి.

పిండిన పాలు తీసుకెళ్తే 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో గది కూడా అంత చల్లగా ఉండదు కాబట్టి ఆ లెక్కని నమ్ముకోవద్దు. ఐస్ ప్యాక్ పెట్టిన సంచీలోనే తీసుకెళ్లండి.

డబ్బాపాలు పట్టే బిడ్డ అయితే ఇంట్లోనే కలిపి తీసుకెళ్లడం మంచిది కాదు. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి, బిడ్డ నోరు పెట్టాక గంట దాటితే పారబోయాలి. పొడి పూర్తిగా క్రిమిరహితం కాదు కాబట్టి కనీసం 70 డిగ్రీల వేడి నీళ్లలో కలపమంటారు. ఇక్కడే మంచి ఫ్లాస్కు విలువ తెలుస్తుంది. ఇంట్లో నీళ్లు తెర్లించి వెంటనే ఫ్లాస్కులో పోయండి. పొడిని ఒక్కో విడతకి కొలిచి పొడి డబ్బాల్లో వేసుకోండి. అవసరమైనప్పుడు కలిపి, మూత బిగించి, సీసాని చల్లటి నీళ్లున్న గ్లాసులో నిలబెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. ఆ ఫ్లాస్కులో టీ, కాఫీ ఎప్పుడూ పోయకూడదు.

ఆరు నెలలు దాటాక పని తేలిక. అరటిపండు తొక్కతోనే వస్తుంది, చెంచా ఒకటి ఉంటే చాలు. ఇంట్లో వేయించి పట్టిన ఉగ్గుపొడి కొద్దిగా, వేడినీళ్లు ఉంటే ఎక్కడైనా కలపొచ్చు. రాగిజావ, మెత్తటి అన్నం వండి తీసుకెళ్తే ఎండాకాలంలో రెండు గంటల్లోపు పెట్టేయండి. ఏడాది లోపు తేనె నాకించొద్దు. బీచ్‌లో పల్లీలు, మొక్కజొన్న గింజలు చుట్టాలెవరైనా ముద్దుకొద్దీ బిడ్డ నోట్లో పెట్టబోతే ఆపండి, గొంతుకి అడ్డం పడతాయి.

మందులు

ఇంట్లో మందుల డబ్బా మొత్తం మోయక్కర్లేదు. థర్మామీటరు, బిడ్డ ఇప్పటి బరువుకి డాక్టరు రాసిచ్చిన జ్వరం మందు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు చాలు. ప్యాకెట్ మీద డబ్ల్యుహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. తియ్యటి జ్యూసు డబ్బాలు ఓఆర్ఎస్ కావు. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం సగం అంచనాగా వేయకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 ఫారన్‌హీట్ జ్వరం కనిపిస్తే మందు వేసి చూద్దామనుకోకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి, 108 నంబరు అందుకే ఉంది.

ఎక్కడికైతే ఏం మార్చాలి

ఆర్కే బీచ్‌కి, తెన్నేటి పార్కుకి, కైలాసగిరికి సాయంత్రం వెళ్తే స్లింగ్ బ్యాగులో రెండు డైపర్లు, కొన్ని వైప్స్, ఒక జత, టోపీ. అంతే. కైలాసగిరి మీద గాలి గట్టిగా వీస్తుంది, చెవులు కప్పే టోపీ మర్చిపోకండి.

టీకా రోజుకి పెద్ద బ్యాగు వద్దుగానీ రెండు విషయాలు ముఖ్యం. తల్లీబిడ్డల కార్డు పైజేబులో ఉండాలి, దాని ఫొటో ఫోనులో కూడా ఉంచుకోండి. ఆరు, పది, పద్నాలుగు వారాల సూదులు ఎక్కువగా తొడకే వేస్తారు కాబట్టి బిగుతు ప్యాంటు కాకుండా కింద బటన్లు విప్పే గౌను గానీ జుబ్బా గానీ వేయండి. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోమంటారు, ఆ సమయానికి పాలు పట్టే ఏర్పాటు ఉండాలి.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో చంటిపిల్లల్ని అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టి మొక్కుకోవడం మన ఊరి ఆనవాయితీ. అక్కడ భక్తులే అమ్మవారికి పసుపు, కుంకుమ పూస్తారు, కాబట్టి బిడ్డకి కొత్త తెల్లచొక్కా వేసి బాధపడకండి. దర్శనానికి ఒక జత, తర్వాత మార్చడానికి ఇంకో జత. పైన గోపురం లేని గుడి, ఎండైనా వానైనా నేరుగా పడుతుంది. మార్గశిర గురువారాల్లో జనం విపరీతం, పసిబిడ్డకి మామూలు రోజు పొద్దున్నే వెళ్లడం నయం. సింహాచలం కూడా అంతే. చందనోత్సవం రోజు చంటిబిడ్డతో క్యూలో నిలబడడం నేను ఎవరికీ చెప్పను. మామూలు రోజుల్లో వెళ్తే పెద్ద బ్యాగు కారులోనో సామాన్లు దాచే చోటో వదలాల్సి రావచ్చు. అప్పుడు నీలం పౌచ్ ఒక్కటీ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లడమే.

అరకు వెళ్లాలంటే లెక్క మొత్తం మారిపోతుంది. పొద్దున్నే కిరండోల్ వైపు రైలెక్కితే గంటల ప్రయాణం, రోజంతా బయటే. ఇక్కడ మాత్రం రెండు బ్యాగులు తీసుకెళ్లండి. బిడ్డ బ్యాక్‌ప్యాక్ ఒకటి, పెద్దవాళ్ల సామాను వేరే. కలిపి సర్దితే ప్రతి డైపర్‌కీ బెర్తు కింద నుంచి పెట్టె లాగాలి. విశాఖ కంటే కొండల మీద చల్లగా ఉంటుంది, డిసెంబరు, జనవరిల్లో అయితే స్వెటరు, మేజోళ్లు, మంకీ క్యాప్ తప్పనిసరి. వరసగా సొరంగాలు వస్తాయి, లోపల చీకటికీ చప్పుడికీ కొంతమంది పిల్లలు భయపడతారు, అప్పుడు ఒళ్లోకి తీసుకుని పాలు పట్టడం మంచి మందు. బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి. బిడ్డని ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్‌లో పెట్టుకుని, బ్యాక్‌ప్యాక్ ఇంకొకరికిచ్చి, రెండు చేతులూ రెయిలింగు మీద ఉంచి దిగండి.

పెద్ద బొమ్మలు, రెండో దిండు, పౌడరు డబ్బా, నాలుగో జత బట్టలు ఎక్కడికీ అక్కర్లేదు. ఒక గిలక్కాయ చాలు, మీ చేతి గాజులు ఎలాగూ ఉన్నాయి.

ఇంటికి వచ్చాక

వచ్చిన వెంటనే, బిడ్డ నిద్రపోయిన ఆ పది నిమిషాల్లో, బ్యాగు మొత్తం ఖాళీ చేసి బోర్లించి దులపండి. అరటితొక్క ముక్క ఒకటి అడుగున మిగిలినా మర్నాటికి చీమలు వస్తాయి. ఫ్లాస్కు, సీసా విడదీసి కడిగి మూతలు తీసి ఆరబెట్టండి. ఇసుక పట్టిన జిప్పుని పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రుద్దితే మళ్లీ సాఫీగా కదులుతుంది. డైపర్ పౌచ్ మాత్రం అప్పుడే మళ్లీ నింపేసి బ్యాగులో పెట్టేయండి. బట్టల పౌచ్‌లో సైజు నెలకోసారి చూసుకోవాలి, మూడో నెల చొక్కా ఐదో నెలలో తలకి పట్టదు.